అణాల అంగడి నుండి నల్లబల్ల వరకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను చరిత్ర మాస్టారిని కానండీ, ఎలిమెంటరీ స్కూల్లో అన్నీ చెప్పినవాణ్ణి, ఇష్టంగా చెప్పింది మాత్రం లెక్కలు" అన్నాను. "అయితే లెక్కల చరిత్రే వ్రాయండి" అన్నారాయన. పక్కనే కూర్చున్న రెవెన్యూ మిత్రులొకరు నవ్వి, "రెండు రెళ్ళు నాలుగుకి చరిత్రేమిటి మాస్టారూ! అప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే" అన్నారు. ఆ మాట కాదనలేను. అయితే ఆ నాలుగును పిల్లవాడికి ఎలా అందిస్తాం, ఎందుకోసం అందిస్తాం అన్నది నా కళ్ళ ముందే చాలాసార్లు మారింది. అందులో ఒక్క పాఠం తీసుకుని వ్రాస్తున్నాను. నాలుగు, అయిదు తరగతుల్లో వచ్చే కారణాంకాలు, ప్రధాన సంఖ్యల పాఠం అది. అదే పాఠంలో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరితోనూ పెద్దగా చెప్పుకోలేదు.

నేను బడిలో చేరింది 1951లో, కృష్ణా డెల్టాలోని ఒక పల్లెటూళ్ళో. ఆ రోజుల్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. లెక్కల పుస్తకంలో మాత్రం వాటిని పైసలనేవారు. అంటే రూపాయికి 192 దమ్మిడీలన్నమాట. తూకాలు చూస్తే 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. ఇవన్నీ ఎక్కాలతోపాటు వల్లె వేయించేవారు. ఈనాటి పిల్లలు వింటే, ఇంత గందరగోళం ఎలా భరించారు తాతయ్యా అంటారు. మాకది గందరగోళంగా అనిపించేది కాదు.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. సంక్రాంతికి మేము ముగ్గురం అన్నదమ్ములం ఆమె ముందు నిలబడితే, కొంగు ముడి విప్పి రూపాయి చిల్లర తీసి తలా 5 అణాల 4 దమ్మిడీలు లెక్కపెట్టి చేతిలో పెట్టేది. మిగలదు, తగ్గదు. నలుగురం అయితే తలా పావలా, ఆరుగురం అయితే తలా 2 అణాల 8 దమ్మిడీలు. ఎనిమిది మందికి పంచాలంటే తలా బేడ. కారణాంకం అన్న మాట ఆమె వినలేదు గాని, 192కి 2, 3, 4, 6, 8, 12, 16 అన్నీ కారణాంకాలేనన్న సంగతి ఆమె వేళ్ళకు తెలుసు. లెక్కకు 192ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 14 ఉన్నాయి.

పాత కొలతలన్నీ దాదాపు ఇలాంటివే. వీశెకు 120 తులాలు. 120కి 16 కారణాంకాలున్నాయి. రోజుకు 60 ఘడియలు, ప్రభవ మొదలు అక్షయ వరకు 60 సంవత్సరాలు. 60కి 12 కారణాంకాలు. డజనుకు 12, రోజుకు 24 గంటలు. తన కంటే చిన్న సంఖ్యలన్నిటి కంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల వరుస ఒకటుంది: 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120... ఈ వరుస మీద పెద్ద పరిశోధనా వ్యాసం వ్రాసినవాడు మన శ్రీనివాస రామానుజన్. 1915లో లండన్ మేథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ పరిశోధన మీదే 1916 మార్చిలో కేంబ్రిడ్జి వారు ఆయనకు బి.ఎ. పట్టా ఇచ్చారు. మద్రాసులో ఇంటర్మీడియట్ తప్పినవాడికి! రామానుజన్ అంగడి లెక్కల కోసం ఆ వ్యాసం వ్రాయలేదు. కాని ఆ వరుసలో మన గంటలు, ఘడియలు, తులాలు ఒకదాని వెనుక ఒకటి కనిపించడం చూసి నేను చాలా సంబరపడ్డాను. అణాల 16 మాత్రం ఆ వరుసలో లేదు. 16ను పెట్టినవారు సగం, సగంలో సగం, దానిలో సగం అని నాలుగుసార్లు విరగగొట్టే వీలు చూసుకున్నారు. మూడుతో పని పడితే ఆదుకోవడానికి అణాలో 12 ఉండనే ఉంది.

ఈ విద్య మన పుస్తకాల్లో కూడా పాతదే. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం వ్రాశాడు. భిన్నాలు కూడేటప్పుడు హారాలన్నిటినీ గుణించుకుంటూ పోకుండా, అన్నిటికీ సరిపడే అతి చిన్న సంఖ్యను తీసుకోమన్నాడు. దానికి 'నిరుద్ధము' అని పేరు పెట్టాడు. మనం పిల్లలకు చెప్పిన క.సా.గు. అదే. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాలలో 'సారసంగ్రహ గణితము'గా మార్చాడు. భారతాన్ని తెలుగు చేసిన శతాబ్దంలోనే లెక్కలను కూడా తెలుగు చేశారన్న మాట మన పిల్లలకు ఏ తరగతిలో చెబుతున్నామో నాకు తెలియదు. మహావీరుడికి సరదా కూడా ఎక్కువే. 152207ను 73తో గుణించి చూడమంటాడు. ఎనిమిది ఒకట్లు, హారంలో ముత్యాల్లా వరుసగా వస్తాయి. పెన్షన్ రోజున బ్యాంకు క్యూలో నిలబడ్డప్పుడు పాసుపుస్తకం వెనుక చేసి చూడండి.

1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో ఒక సంఖ్యకు కారణాంకాలు వెతికే పద్ధతులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో ఒక ఉపాయం నేను అయిదో తరగతి వాళ్ళకు చాలాసార్లు చెప్పాను. 91 ప్రధాన సంఖ్యలా కనిపించి మోసం చేస్తుంది. దానికి 9 కలపండి, 100 వస్తుంది. 100 పదికి వర్గం, 9 మూడుకు వర్గం. పదిలోంచి మూడు తీస్తే 7, పదికి మూడు కలిపితే 13. ఏడు పదమూళ్ళు 91. ఫ్రాన్సులో ఫెర్మా ఈ దారికి వచ్చింది పదిహేడో శతాబ్దంలో.

అయితే ఏ కారణాంకాలకూ లొంగని సంఖ్యలను ప్రత్యేకంగా ఒక జాతిగా చూసి, వాటి గుణాలు వెతికింది గ్రీకులు. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్, ప్రధాన సంఖ్యలకు అంతం లేదని నిరూపించాడు. ఆ నిరూపణను పిల్లలకు చెప్పవచ్చు, నేను చెప్పాను కూడా. ఇవే మొత్తం ప్రధాన సంఖ్యలని ఎవరైనా అంటే, వాటన్నిటినీ గుణించి ఒకటి కలపండి. వచ్చినదాన్ని వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. 2, 3, 5, 7 గుణించి ఒకటి కలిపితే 211. అది కొత్త ప్రధాన సంఖ్య. ప్రతిసారీ అలా నేరుగా రాదు. 13 వరకు గుణించి ఒకటి కలిపితే 30031 వస్తుంది. అది 59, 509ల లబ్ధం. అయితేనేం, ఆ రెండూ మన జాబితాలో లేనివే కదా! ఆ తరువాతి తరం వాడు ఎరటోస్తనీస్. భూమి చుట్టుకొలత లెక్కగట్టిన మహానుభావుడు. ప్రధాన సంఖ్యలను ఏరే 'జల్లెడ' ఆయన పేరు మీదనే నేటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ జల్లెడ సంగతి తరువాత చెబుతాను.

ఇక 1957 ఏప్రిల్ 1. నాకు పదకొండేళ్ళు. రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. ఆ వెంటనే మెట్రిక్ తూకాలు వచ్చి, 1960లు సగమయ్యేసరికి వీశెలు, మణుగులు కొట్లలోంచి పోయాయి. కొన్నాళ్ళు రెండు నాణేలూ కలిసి నడిచాయి. అణాకు 6 నయాపైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టీ వేసి ఉండేది. మూడణాల సరుకు ఒక్కసారి కొంటే 19, అణా చొప్పున మూడుసార్లు కొంటే 18! మా ఊరి కుర్రకారు ఈ కిటుకు పట్టుకుని మూడుసార్లు కొట్టుకు వెళ్ళేవారు. కొట్టాయన కర్ర పట్టుకునేవాడు. ఆ సంక్రాంతికి నాయనమ్మ రూపాయి తీసి ముగ్గురికి పంచబోయి ఆగిపోయింది. తలా 33 ఇస్తే ఒక పైస మిగిలింది. దానికోసం మేము ముగ్గురం కొట్టుకున్నాం. చివరికి చిన్నవాడికి ఇచ్చారు. 100కి కారణాంకాలు తొమ్మిదే. మూడు వాటిలో లేదు.

దశాంశ పద్ధతి రావడం తప్పని నేను అనను. 5 మందికి, 10 మందికి పంచడం దానితోనే సులువు. రూపాయలు-అణాలు-పైసల భాగహారాలు చేసి మా తరం పిల్లలు కార్చిన కన్నీళ్ళు నాకు తెలుసు. కాని ఒక సంగతి ఎవరూ గమనించలేదు. అంతవరకు కారణాంకాలు అంగడిలో, కొంగు ముడిలో, తక్కెడలో ఉండేవి. బడిలో చెప్పేది వాటికి పేరు పెట్టడమే. అంగడిలోంచి అవి పోయాక పాఠం మాత్రం పుస్తకంలో మిగిలింది. పిల్లవాడి చేతికి తెలియనిదాన్ని నోటితో నేర్పవలసి వచ్చింది. నేను ట్రైనింగు పూర్తి చేసి 1967లో సమితి ఎలిమెంటరీ స్కూల్లో చేరేసరికి పరిస్థితి అది.

నేనూ నోటితోనే నేర్పాను. "ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్య ప్రధాన సంఖ్య." ఇది నా గురువుగారు నాకు చెప్పింది. దానితోపాటు వరుస కూడా చెప్పారు: 1, 2, 3, 5, 7. ఒకటిని ఒకటితోనూ, అంటే తనతోనూ, తప్ప దేనితో భాగిస్తాం? కనుక ఒకటి కూడా ప్రధాన సంఖ్యేనని ఆయన చెప్పారు, నేను నమ్మాను, నా పిల్లలకూ చెప్పాను.

1972లో అనుకుంటాను, అర్ధసంవత్సర పరీక్షలో పదిలోపు ప్రధాన సంఖ్యలు వ్రాయమని ఇచ్చాను. అయిదో తరగతిలో ఒక అమ్మాయి 2, 3, 5, 7 అని వ్రాసింది. ఒకటి వదిలేసిందని తప్పు పెట్టాను. జవాబు పత్రాలు ఇచ్చిన రోజున ఆ పిల్ల ఊరుకోలేదు. వామనగుంటలు ఆడే పిల్ల, పరికిణీ కుచ్చెళ్ళలో ఎప్పుడూ చింతపిక్కలుండేవి. నా బల్ల ముందే నేల మీద కూర్చుని పన్నెండు పిక్కలు పోసింది. ఒక్క వరుసలో పన్నెండు, రెండు వరుసల్లో ఆరేసి, మూడు వరుసల్లో నాలుగేసి పేర్చింది. తరువాత ఏడు పిక్కలు తీసింది. ఒక్క వరుసే వచ్చింది. "ఏడుకి ఒకటీ, ఏడూ అని రెండున్నాయండి మాస్టారూ. మూడుకీ రెండే, అయిదుకీ రెండే. ఒక్క పిక్కకి ఎటు చూసినా ఒకటేనండి. అది వీటిలోది ఎలా అవుద్దండీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. తరగతంతా చూస్తోంది. "బడిలో ఆటలేమిటి? పుస్తకంలో ఉన్నది చదువు" అని కసిరి, పిక్కలన్నీ తీసి నా సొరుగులో వేశాను. నిజానికి నేను పుస్తకం తెరిచి చూడనైనా చూడలేదు. ఆ పిల్ల మళ్ళీ ఆ ఏడంతా లెక్కల పీరియడులో నోరు విప్పలేదు. అయిదో తరగతితో బడి మానిపించారు. హైస్కూలు మూడు మైళ్ళు, ఆడపిల్లను పంపరు.

మూడేళ్ళ తరువాత వేసవి శిక్షణ తరగతుల్లో ఇదే ప్రశ్న వస్తే నేను లేచి "1, 2, 3, 5, 7" అన్నాను. శిక్షణ ఇచ్చేవారు నెమ్మదిగా, "మాస్టారూ, ఒకటికి కారణాంకాలు ఎన్ని?" అన్నారు. ఆ క్షణంలో నాకు చింతపిక్కలు కనిపించాయి.

తరువాత తీరికగా చదివి తెలుసుకున్నాను, ఈ పొరపాటు నాదొక్కడిదే కాదు. గ్రీకులు ఒకటిని అసలు సంఖ్యగానే లెక్కించలేదు. సంఖ్య అంటే ఒకట్ల కూటమి అని యూక్లిడ్ నిర్వచనం. ఆ తరువాత ఒకటిని సంఖ్యల్లో చేర్చుకున్నాక, అది ఏ జాతిదన్న పేచీ మొదలైంది. 1742లో గోల్డ్‌బాక్ ఆయిలరుకు వ్రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో ఒకటిని ప్రధాన సంఖ్యగానే పరిగణించాడు. 1914లో అమెరికాలో లేమర్ కోటి దాటిన ప్రధాన సంఖ్యల పట్టిక అచ్చు వేస్తే, ఆ పట్టిక మొదటి సంఖ్య ఒకటే! కనుక మా గురువుగారు నేర్చుకున్న నాటికి అది వింత మాట కాదు. క్రమంగా గణితవేత్తలు దాన్ని పక్కన పెట్టారు. కారణం చాలా తేలిక. 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా వ్రాస్తే 2×2×3 ఒక్కటే దారి. ఒకటి కూడా ప్రధాన సంఖ్య అయితే 1×2×2×3, 1×1×2×2×3 అని అంతు లేకుండా పోతుంది. ప్రతి సంఖ్యకూ ఒకే ఒక విడదీత ఉంటుందన్న పెద్ద సూత్రాన్ని చెప్పిన ప్రతిసారీ 'ఒకటి తప్ప' అని అనుకోవలసి వస్తుంది. అందుకని 'సరిగ్గా రెండే కారణాంకాలు గలది' అన్న నిర్వచనం స్థిరపడింది. ఆ మాట ఏ గణితవేత్త పుస్తకమూ చూడకుండా నేల మీద కూర్చుని పదేళ్ళ పిల్ల చెప్పింది.

1991లో నేను మరో ఊళ్ళో పనిచేస్తుండగా జూన్ నెలలో ఒకామె కొడుకును చేర్పించడానికి వచ్చింది. పేరు వ్రాస్తూ తల్లి పుట్టిల్లు అడిగితే గుర్తుపట్టాను. ఆవిడే. నేను పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, ఆ రోజు నువ్వు వ్రాసిందే ఒప్పు. నాదే తప్పు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పరీక్ష, ఒకటి, ఏడు, ఏదీ జ్ఞాపకం లేదు. కొంచెం సేపు ఆలోచించి, "మీరు నా చింతపిక్కలు తీసుకుని ఇవ్వలేదండి మాస్టారూ. మా అమ్మమ్మ ఇచ్చినయ్యండి అవి" అంది. అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటికి రెండేళ్ళ ముందే, 1989 నుంచి, బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రమంతటా వచ్చింది. మేమంతా 'అపెప్' అనేవాళ్ళం. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టూ దొరికే వస్తువులే బోధనోపకరణాలు కావాలి అని శిక్షణల్లో చెప్పారు. రాళ్ళు, పుల్లలు, పిక్కలు సంచుల్లో పోసుకుని టీచర్ల కేంద్రాలకు వెళ్ళేవాళ్ళం. మాలో కొందరు సీనియర్లు "ఈ వయసులో మనకు గచ్చకాయలాటా" అని వేళాకోళం చేశారు. చార్టులు గోడకు వేలాడదీసి ఫొటోలు తీయించుకోవడంతో సరిపెట్టిన బడులూ లేకపోలేదు. నాకు మాత్రం ఆ పిలుపు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందనిపించింది.

ఆవిడ కొడుకు నాలుగో తరగతిలోకి వచ్చిన ఏడాది ఎరటోస్తనీస్ జల్లెడను ఆవరణలో ఆడించాను. నాలుగు, అయిదు తరగతులు కలిపి నలభై మంది. పలకల మీద 1 నుంచి 40 వరకు అంకెలు వేసి పట్టుకుని నిలబడ్డారు. రెండు నంబరు వాడు ముందుకు వచ్చి, "నా గుణిజాలు కూర్చోండి" అంటాడు. వాడు తప్ప 4, 6, 8 మొదలుకొని 40 దాకా కూర్చుంటారు. తరువాత మూడు నంబరు పిల్ల పిలుస్తుంది. 9, 15, 21 కూర్చుంటారు. అప్పటికే కూర్చున్న 6, 12 నంబర్ల వాళ్ళు "మమ్మల్ని ముందే కూర్చోబెట్టారు" అని అరుస్తారు. తరువాత నిలబడి ఉన్నది అయిదు. వాడి పిలుపుకు కొత్తగా కూర్చునేది 25, 35 మాత్రమే. ఏడు పిలిచేసరికి కొత్తగా కూర్చునేవారే ఉండరు. ఏడేళ్ళు 49 కదా, ఆవరణ దాటిపోయింది! చివరికి నిలబడి ఉన్నది 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, పన్నెండు మంది. ముప్పై నంబరు పిల్లవాడు, "నన్ను ముగ్గురు కూర్చోబెట్టారు మాస్టారూ" అని ఫిర్యాదు చేశాడు. ఆ ముగ్గురూ ఎవరని అడిగితే, రెండు, మూడు, అయిదు అన్నాడు. 30ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఆ పూట మళ్ళీ చెప్పవలసిన అవసరం కలగలేదు.

ఒకటి నంబరు వాడు మాత్రం మొదటి నుంచీ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "నేను కూర్చోవాలా, నించోవాలా మాస్టారూ?" అన్నాడు. నువ్వు ఇటూ కాదు, అటూ కాదని చెప్పి వాడి చేతికి ఈల ఇచ్చాను. ఆట మొదలు, ఆట ముగింపు వాడే ఊదాలి. మర్నాటి నుంచి ఒకటి నంబరు పలక కోసం పోట్లాట మొదలైంది.

2004లో రిటైరయ్యేవరకు ఏటా ఆ ఆట ఆడించాను. 2011 జూన్ 30తో పావలా నాణెం కూడా చెలామణి నుంచి పోయింది. ఇప్పుడు మా మనవడు ఫోనులో చూసి, 2024 అక్టోబరులో కనుగొన్న ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయని చెబుతాడు. మన బ్యాంకు లావాదేవీల రహస్యం కాపాడే పద్ధతుల్లో ఒకటి 1977లో కనిపెట్టినదట. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, ఆ లబ్ధాన్ని మళ్ళీ విడదీయడం మహా కష్టం అన్నదాని మీదే అది నడుస్తుందట. అంగడిలోంచి పోయిన కారణాంకాలు దొడ్డిదారిన బ్యాంకులోకి వచ్చి కూర్చున్నాయి.

చివరగా సభ్యులకు ఒక మనవి. రూపాయలు-అణాలు-పైసల లెక్కలున్న, 1957కు ముందు అచ్చయిన నాలుగు, అయిదు తరగతుల తెలుగు అంకగణిత పుస్తకం ఎవరి అటక మీదనైనా ఉంటే దయచేసి నాకు ఒక వారం రోజులు ఇప్పించండి. ప్రధాన సంఖ్యల పేజీలో మొదటి అంకె ఏమి వేశారో చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాను.